బాపు ఉంగరంలోని నీలిరాయి నీలం కాదట, టూర్మలైన్ అట: తెలిసినవారు చెప్పగలరు

ఓరుగల్లు వాసి (హనుమకొండ):

అందరికీ నమస్కారం. మా బాపు కుడిచేతి నడిమి వేలికి ఇరవై ఏడేళ్ళపాటు ఒక నీలిరాయి వెండి ఉంగరం ఉండేది. ఏలినాటి శని నడుస్తున్నదని ఒక పంతులుగారు చెప్పగా, 1994లో హైదరాబాద్ పాతబస్తీలోని ఒక దుకాణంలో నీలం అనే పేరుతో అమ్మిన రాయిని బాపు కొని తెచ్చుకున్నారు. 2021లో ఆయన కాలం చేసిన తరువాత ఆ ఉంగరాన్ని అమ్మ తీసి దేవుడి అరలో, దీపపు కుందికి పక్కనే పెట్టింది. ఈ మధ్య తమ్ముడు ఆ రాయిని బంగారంలో పొదిగించుకొని తాను వేసుకుంటానన్నాడు. చెల్లెలేమో లాకెట్‌గా చేయిస్తే అమ్మ మెడలో ఉంటుంది కదా అన్నది. ఆ ముచ్చట తేలకముందే మేము ఉంగరాన్ని మా అవుసులాయన దగ్గరికి తీసుకుపోయాము.

ఆయన రాయిని గూటిలోనుంచి తీసి, భూతద్దం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "అన్నా, ఇది నీలం లెక్క లేదు, అంచులు చూడుండ్రి ఎట్ల అరిగినయో" అన్నారు. నిజంగానే పై పలకల అంచులు పదును పోయి, మెత్తబడినట్టు కనిపించాయి. మాకు అనుమానం వచ్చి రాయిని హైదరాబాద్‌లోని ఒక పరీక్షాశాలకు పంపించాము. నివేదికలో ఉన్నది ఇది: సహజ టూర్మలైన్, నీలి రకం, ఇండికోలైట్, బరువు 4.20 క్యారెట్లు, వక్రీభవన గుణకం (వెలుతురు రాయిలో ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.621 నుంచి 1.640, సాంద్రత 3.07, వేడిచేసిన రాయి అవునో కాదో నిర్ధారించలేదు. రాయి దీర్ఘచతురస్రాకారంలో, నాలుగు మూలలూ కోసినట్టుగా ఉన్నది. పైనుంచి చూస్తే సిరా నీలం, వెలుతురులో కొంచెం ఆకుపచ్చ ఛాయ. పొట్టి అంచు వైపునుంచి చూస్తే మాత్రం దాదాపు నలుపు.

మొదటి బాధ ఏమిటంటే, బాపు మోసపోయారా అన్నది. రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న రాయి అది. రెండవది, దీనికి విలువ అంటూ ఏమైనా ఉన్నదా, ఉంటే దేనిని బట్టి ఉంటుంది? మూడవది, నివేదిక చూపించినప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణదారు ఇది "పరాయిబా" అనే రకమనీ, తనకే అమ్మితే మంచి ధర ఇస్తాననీ అన్నారు. ఆ మాట నిజమేనా? మా వీధిలోని ఒక పెద్దాయన ఇది కాకతీయుల కాలపు రాయి అయి ఉంటుందంటున్నారు, అది సరదాకి అన్నారో నిజంగా అన్నారో తెలియదు. చివరగా ఒక చిన్న విషయం: దేవుడి అరలో ఉన్నన్ని రోజులూ ఈ రాయి మీద, అందులోనూ రెండు పొట్టి అంచుల దగ్గరే, సన్నని దుమ్ము పట్టేదని అమ్మ అంటుంది. పక్కనే ఉన్న స్ఫటికపు పూసల మీద అంతగా పట్టేది కాదట. ఇది అమ్మ ఊహేనా, దీనికి కారణం ఏమైనా ఉన్నదా?

---

వెండితీగ (కరీంనగర్):

అన్నగారూ, మిగతా సంగతులు పెద్దలు చెబుతారు కానీ, పని మొదలుపెట్టక ముందే ఒక్క మాట వినండి. కొత్త ఉంగరమైనా, లాకెట్ అయినా, మంట తగిలే పని అంతా పూర్తయి, మెరుగు కూడా పెట్టిన తరువాతే ఆ రాయిని గూటిలో కూర్చోబెట్టాలి. రాయి ఉండగా అతుకు వేయనివ్వకండి.

మాది మూడు తరాలుగా వెండితీగ పని చేసే ఇల్లు. నీలం, కెంపు పొదిగిన ఉంగరానికి సైజు పెంచేటప్పుడు రాయి తీయకుండానే, దాన్ని తడిగుడ్డతో కప్పి అతుకు వేసే అలవాటు మా వృత్తిలో చాలామందికి ఉన్నది. మంచి నీలం ఆ వేడిని చాలాసార్లు తట్టుకుంటుంది. ఆ అలవాటుతోనే నేను పని నేర్చుకునే రోజులలో ఒక ఆకుపచ్చ టూర్మలైన్ ఉంగరాన్ని మంట మీద పెట్టాను. అతుకు కరగాలంటే సుమారు ఏడువందల డిగ్రీల వేడి కావాలి కదా. రాయి చిటుక్కుమని మధ్యలో అడ్డంగా విచ్చుకున్నది. ఆ చప్పుడు నాకు ఈ రోజుకీ చెవిలో ఉన్నది. తప్పు పూర్తిగా నాదే కాబట్టి ఆ రాయి ఖరీదు నా కూలిలోనుంచి విరిచి తీర్చుకున్నాను.

ఈ రాళ్ళ లోపల కంటికి కనబడని సన్నని నీటి బుడగల వంటివి ఉంటాయనీ, వేడికి అవి వ్యాకోచించి రాయిని చీలుస్తాయనీ తరువాత ఒక రత్నాల వ్యాపారి వివరించారు. ఆవిరి యంత్రంతో శుభ్రం చేయడం, అతిధ్వని తొట్టిలో వేయడం కూడా దీనికి పనికిరావు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం కుంకుడు రసం కలిపి, మెత్తని కుంచెతో తుడిస్తే చాలు. మీ అవుసులాయన అరిగిన అంచులు చూసి రాయిని పట్టుకున్నారంటే పనితనం తెలిసినవారే, కానీ ఈ జాగ్రత్త ఆయనతో మరొక్కసారి నోటితో చెప్పి మరీ ఇవ్వండి.

---

సాన (జైపూర్‌లో రత్నపరీక్ష నేర్చుకొని, ఇప్పుడు హైదరాబాద్‌లో):

ఓరుగల్లు వాసి గారూ, మీ బాపు గారి విషయమే ముందు మాట్లాడతాను. నీలం పేరుతో టూర్మలైన్ అమ్మడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే అది తెలిసి చేసిన మోసమేనా అన్నది నాకు సందేహం. 1994లో నీలం పేరుతో చౌకగా మోసం చేయదలచినవాడికి కృత్రిమ నీలం బజారులో దొరికేది; కొలిమిలో తయారయ్యే ఆ రాయి అప్పటికే ఎనభై ఏళ్ళకు పైగా చెలామణిలో ఉన్నది, సామాన్య పరీక్షలలో అచ్చం నీలంలాగే తేలుతుంది. రంగు గాజు అయితే ఇంకా చౌక. అవి రెండూ వదిలి, భూమిలో పుట్టిన ఒక మంచి ఇండికోలైట్‌ను నీలంగా అమ్మాడంటే, రకరకాల నీలిరాళ్ళు కలిసిన పొట్లంలోనుంచి తనకే తెలియక తీసి ఇచ్చాడనుకోవడానికి అవకాశం ఎక్కువ. ఇంకొక మాట: రత్నం స్థాయి టూర్మలైన్‌ను వ్యాపారం కోసం కృత్రిమంగా తయారు చేయడం లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది నకిలీ నీలం కాదు, వేరే పేరున్న అసలు రాయి.

నివేదికలోని అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి. నీలం వక్రీభవన గుణకం 1.762 నుంచి 1.770, సాంద్రత 4.00. మీ రాయి ఆ దరిదాపులలో లేదు. యంత్రాలు లేకుండా తెలుసుకునే దారి కూడా ఒకటి ఉన్నది, సన్నని దారానికి రాయిని కట్టి నీళ్ళలో ముంచి తూచడం. 4.20 క్యారెట్ల నీలమైతే నీళ్ళలో 1.05 క్యారెట్లు తగ్గాలి. మీ రాయి సుమారు 1.37 తగ్గుతుంది. మంచి క్యారెట్ తరాజు ఉన్న ఏ దుకాణంలోనైనా పావుగంటలో తేలిపోయే లెక్క ఇది, అయినా చేసేవారు తక్కువ.

మీ అవుసులాయన గమనించిన అరుగుదల ఇంకా మంచి ఆధారం. కాఠిన్యాన్ని పది మెట్లలో కొలిచే మోస్ కొలమానంలో నీలం 9, సహజ రత్నాలలో వజ్రం ఒక్కటే దానికి పైన. టూర్మలైన్ 7 నుంచి 7.5 వరకే. మన చుట్టూ ఉండే దుమ్ములో క్వార్ట్జ్ (స్ఫటికపు రాయి) రేణువులు ఉంటాయి, వాటి కాఠిన్యం 7. ఇరవై ఏడేళ్ళు చేతికి ఉన్న రాయి రోజూ ఆ దుమ్ముతో రాసుకుంటూ, సైకిల్ హ్యాండిల్‌కో బీరువా తలుపుకో తగులుతూ ఉంటే, నీలం అంచులు అలాగే నిలిచేవి, టూర్మలైన్ అంచులు మెత్తబడతాయి. ఇక భూతద్దంలో ఆయన చూసి ఉండగల మరొక గుర్తు, రాయిలోనుంచి చూసినప్పుడు వెనుక పలకల గీతలు రెండు రెండుగా కనబడడం. లోపలికి పోయిన వెలుతురును ఈ రాయి రెండు కిరణాలుగా చీల్చుతుంది. ఆ చీలిక టూర్మలైన్‌లో సుమారు 0.020, నీలంలో 0.008 మాత్రమే, అందుకే నీలంలో గీతలు అలా జంటగా కనబడడం అరుదు.

పక్కనుంచి నల్లగా ఉండడం లోపం కాదు, ఈ జాతి స్వభావం. టూర్మలైన్ స్ఫటికం పొడుగాటి కడ్డీలా పెరుగుతుంది, అడ్డంగా కోస్తే గుండ్రటి అంచుల త్రిభుజంలా ఉంటుంది. కడ్డీకి అడ్డంగా చూస్తే ఒక రంగు, నిలువునా కొసనుంచి చూస్తే ఇంకా ముదురు రంగు. నీలి రకంలో ఆ నిలువు దిశ తరచూ నల్లబడిపోతుంది. అందుకే సానపట్టేవారు కడ్డీ పొడవునే రాయి పొడవుగా ఉంచి దీర్ఘచతురస్రంగా కోస్తారు, పొట్టి వైపుల పలకలను బాగా నిటారుగా, 70 డిగ్రీల వరకు పెట్టి, ఆ కొసలలోని నలుపు పైకి ప్రతిఫలించకుండా చూస్తారు. మీ రాయి వర్ణన చదివితే, కోసినవాడికి ఈ మర్మం తెలుసునని అనిపిస్తున్నది. సానలో ఏమీ తెలియనివాడు బరువు మిగుల్చుకుందామని చూసి రాయినంతా నల్లచేసేవాడు.

విలువ మాటకు వస్తే, నేను చూడకుండా ధర చెప్పడం సరికాదు, ఎవరైనా ఫోటో చూసి చెబితే నమ్మకండి కూడా. టూర్మలైన్‌లో ఆకుపచ్చ, గులాబీ రంగులు విరివిగా వస్తాయి, మంచి నీలిరంగు తక్కువ. ఆ నీలిరంగులోనూ ఆకుపచ్చ కలవనిది ఇంకా తక్కువ. అయితే ముదురు రంగు దీనికి శత్రువు: పగటి వెలుతురులో రాయి లోపలినుంచి నీలిరంగు కనబడాలి, సాయంత్రం గదిలోని దీపం కింద నల్లటి బొగ్గులా మారితే ధర సగానికి పైగా పడిపోతుంది. కొనేవారు చూసేది ముందు రంగు, తరువాత ఆ రంగులోని వెలుతురు, ఆ తరువాతే శుభ్రత, పరిమాణం. అరిగిన అంచులను తేలికగా మళ్ళీ సానపట్టించవచ్చు. బరువు కొద్దిగానే తగ్గుతుంది, రాయి మాత్రం కొత్తదానిలా లేస్తుంది. వేడిచేసిందో కాదో తేల్చలేదన్న వాక్యం గురించి దిగులు వద్దు. ముదురు టూర్మలైన్‌ను రంగు విప్పడానికి వేడిచేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి, ఆ జాడ చాలా రాళ్ళలో ఏ పరీక్షాశాలకూ దొరకదు. ఆ నీలం రంగుకు మూలం స్ఫటికంలోని ఇనుము.

ఇండికోలైట్ అన్న పేరు గురించి కూడా ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. స్టాక్‌హోమ్ దగ్గరి ఊటో దీవిలో దొరికిన నీలిరాయికి 1800లో ఇండికోలైట్ అని పేరు పెట్టినవాడు జోసె బోనిఫాసియో ది ఆండ్రాడా అనే ఖనిజ శాస్త్రవేత్త. నీలిమందు రంగు రాయి అని దాని అర్థం. నీలిమందుకు ఐరోపా భాషలలో ఉన్న పేరే "ఇండియానుంచి వచ్చినది" అనే మాటలోనుంచి పుట్టింది కాబట్టి, స్వీడన్ రాయి పేరులో మన దేశం ఉన్నది. అదే మనిషి తరువాత 1822లో బ్రెజిల్ స్వాతంత్ర్యానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడయ్యాడు. లోకంలో పేరుపడ్డ నీలి టూర్మలైన్లు ఆ తరువాత ఆ బ్రెజిల్‌లోనే దొరకడం తమాషాగా లేదూ.

---

శ్రీరాంసాగర్ (నిజామాబాద్):

రత్నపరీక్ష సరే, కానీ అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆయన శని దోషానికి వేసుకున్న రాయి నీలమే కాకపోతే, ఇరవై ఏడేళ్ళు వేసుకున్న ఫలితం ఏమైనట్టు? ఇప్పుడు తమ్ముడు గారు అదే రాయిని జాతకం కోసం వేసుకోవచ్చా?

---

సాన:

శ్రీరాంసాగర్ గారూ, ఫలితం మాట నా పరిధిలోది కాదు, నా యంత్రాలు కొలిచేది రాయిని మాత్రమే. నవరత్నాలలో శనికి చెప్పినది నీలం, అది ఒక ఖనిజం. టూర్మలైన్ మరొక ఖనిజం. జాతకం కోసం కొనేవారెవరైనా నివేదికలో ఆ ఖనిజం పేరు చూసుకొనే డబ్బు కట్టాలి. అయోలైట్‌ను "నీలి" అని ఉపరత్నంగా అమ్మేవారు ఉన్నారు, అది ఇంకొక ఖనిజం. ఉపరత్నమని చెప్పి అమ్మితే అభ్యంతరం లేదు, నీలం ధర తీసుకుంటేనే పేచీ. తమ్ముడు గారి విషయం ఆయనా, ఆయన నమ్మే పంతులుగారూ తేల్చుకోవలసినదే.

---

రాళ్ళ మాష్టారు (మంచిర్యాల):

నేను భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ తల్లిగారి పరిశీలన. ఆవిడ చెప్పిన దుమ్ము ఊహ కాదమ్మా, అక్షరాలా శాస్త్రం.

టూర్మలైన్‌ను వేడిచేసినా, చల్లార్చినా దాని స్ఫటికపు రెండు కొసలలో వ్యతిరేక విద్యుదావేశాలు పుడతాయి. ఆ ఆవేశం దగ్గరలోని తేలికపాటి రేణువులను లాక్కుంటుంది. దేవుడి అరలో రోజూ దీపం వెలిగించినప్పుడు రాయి వెచ్చబడుతుంది, కొండెక్కినప్పుడు చల్లబడుతుంది. పగలూ రాత్రీ అదే వరస. పైన సాన గారు చెప్పినట్టు కడ్డీ పొడవే రాయి పొడవైతే, స్ఫటికపు కొసలు రెండూ ఆ పొట్టి అంచుల వైపే ఉంటాయి. దుమ్ము అక్కడే పట్టడానికీ, అక్కడినుంచి చూస్తే నల్లగా ఉండడానికీ మూలం ఒక్కటే, ఆ స్ఫటికపు అక్షం. పక్కనున్న స్ఫటికపు పూసలు, అంటే క్వార్ట్జ్, నొక్కితే విద్యుత్తు పుట్టిస్తాయి కానీ, వేడికి ఇలా చేయవు. అందుకే వాటిమీద దుమ్ము తక్కువ. మనకు వానాకాలం తేమలో ఆవేశం తొందరగా జారిపోతుంది, కాబట్టి ఆవిడ దీన్ని చలికాలంలోనో ఎండాకాలంలోనో ఎక్కువగా చూసి ఉండాలి. అడిగి చెప్పగలరా?

ఈ గుణమే ఆ రాయిని ఐరోపాకు పరిచయం చేసింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు సింహళంనుంచి ఈ రాళ్ళను తీసుకుపోయారు. టూర్మలైన్ అన్న పేరు కూడా సింహళ భాషలోని "తోరమల్లి" అనే మాటనుంచి వచ్చినదే. పొగాకు పైపులో మిగిలిన బూడిదను వేడిచేసిన ఈ రాయితో లాగి తీసేవారట, అందుకని డచ్చివారు దీన్ని "బూడిద లాగేది" అని పిలిచారు. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1747లో దీన్ని విద్యుత్ శిల అన్నాడు, 1756లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎపినస్ ఆ ఆవేశాల స్వభావాన్ని ప్రయోగాలతో వివరించాడు. 1880లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు క్యూరీ సోదరులు ఒత్తిడివల్ల విద్యుత్తు పుట్టడాన్ని చూపించిన స్ఫటికాలలో క్వార్ట్జ్‌తోపాటు టూర్మలైన్ కూడా ఉన్నది. దీపపు కుంది పక్కన ఒక ఇల్లాలు గమనించినది ఆ వరసలోదే.

కాకతీయుల మాట. పెద్దాయన సరదాకే అని ఉంటారు, అయినా సమాధానం చెబుతాను. వరంగల్, కరీంనగర్ నేల ప్రధానంగా గ్రానైట్, నైస్ శిలలది. గ్రానైట్ కరుగు చల్లబడే చివరి దశలో మిగిలిన ద్రవం పగుళ్ళలోకి చేరి, పెద్ద పెద్ద స్ఫటికాలతో పెగ్మటైట్ అనే సిరలుగా గడ్డకడుతుంది. అలాంటి సిరలలో మామూలుగా కనబడే టూర్మలైన్ నల్లటిది, ఇనుముతో నిండినది, దాన్ని షోర్ల్ అంటారు. గూడూరు చుట్టుపక్కల ఉన్న నెల్లూరు అభ్రకపు సీమలో అటువంటివి తరచూ తగులుతాయి. రంగుల టూర్మలైన్, అంటే ఎల్బైట్, ఏర్పడాలంటే ఆ ద్రవంలో బోరాన్‌తోపాటు లిథియం కూడా సమృద్ధిగా ఉండాలి. అది అరుదైన కూడిక. మంచి నీలిరాళ్ళు వచ్చేది బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్, ఆఫ్ఘనిస్తాన్‌లోని నూరిస్తాన్, నమీబియా, నైజీరియా వంటి చోట్లనుంచి.

మన ప్రాంతానికి రత్నాల చరిత్ర లేదని కాదు. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టలోని గార్నెట్లు ప్రాచీన కాలంలోనే దూరదేశాలకు వెళ్ళాయి. పదమూడో శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి పేరుతో వర్ణించినది కాకతీయుల రాజ్యాన్నే, అక్కడ అతడు రాసినది వజ్రాల గురించి. వేయిస్తంభాల గుడిలో అద్దంలా మెరిసే నల్లరాతిని చూసి నన్ను "ఇది కూడా నల్ల టూర్మలైనా సార్" అని అడిగిన విద్యార్థులు ఉన్నారు. అది డోలరైట్ అనే శిల, రత్నంతో దానికి చుట్టరికం లేదు. పైగా సాన గారు చెప్పిన ఆ నిటారు పలకల కోత చాలా ఇటీవలి కాలపు సానపట్టడం. కాకతీయుల కాలంలో ఎవరూ అలా కోయలేదు.

---

ఓరుగల్లు వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మాష్టారు గారూ, అమ్మను అడిగాను. "సంక్రాంతి ముందు బాగా ఉండేది, శ్రావణంలో చూడలేదు" అన్నది. మీరు అడిగిన మాట చెప్పకుండానే అడిగాను, కాబట్టి మీ ఊహ నూటికి నూరు పాళ్ళు నిజమైనట్టే. ఆవిడ ఇప్పుడు పండుగ చేసుకుంటున్నది.

చౌరస్తా దుకాణంవారు మాత్రం మళ్ళీ ఫోన్ చేశారు. నీలి టూర్మలైన్ అంటేనే పరాయిబా అనీ, పరీక్షాశాలవారు ఆ పేరు రాయకపోవడం వారి అజ్ఞానమనీ అంటున్నారు. ధర చెప్పమంటే మాత్రం రాయి తెచ్చి తమ దగ్గర వదిలిపొమ్మంటున్నారు. పోనా?

---

సాన:

వదిలిరావద్దు. ఏ రాయినైనా మీ కళ్ళ ముందు తూచి, బరువు రాసి, రసీదు ఇచ్చినప్పుడే చేతులు మార్చాలి. అది పరాయిబా అయినా అంతే, కాకపోయినా అంతే.

ఆ పేరు వెనుక కథ ఇది. బ్రెజిల్ ఈశాన్యాన పరాయిబా రాష్ట్రంలో, సావో జోసె ద బటాల్యా అనే ఊరి దగ్గరి గుట్టలో ఏతోర్ దిమాస్ బార్బోసా అనే మనిషి ఏళ్ళ తరబడి తవ్వించి, 1980ల చివర్లో ఎవరూ అంతకుముందు చూడని రంగు టూర్మలైన్‌ను బయటికి తీశాడు. 1989 ప్రాంతంలో అది అంతర్జాతీయ బజారుకు వచ్చింది. దాని నీలం లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది, నీడలో ఉన్నా కంటిని పట్టుకుంటుంది. ఆ రంగుకు మూలం ఇనుము కాదు, రాగి. తోడుగా మాంగనీసు ఉంటుంది. 2001లో నైజీరియాలో, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మొజాంబిక్‌లో కూడా రాగి ఉన్న టూర్మలైన్లు దొరికాయి. అప్పుడు పేరు మీద పెద్ద తగవు నడిచింది: బ్రెజిల్‌దే పరాయిబా అని కొందరు, రాగి ఉంటే చాలునని కొందరు. 2006లో ప్రధాన పరీక్షాశాలలు కలిసి, రాగి, మాంగనీసు వల్ల ఆ రంగు వచ్చిన టూర్మలైన్‌ను ఏ దేశానిదైనా పరాయిబా రకమని రాయవచ్చునని నిర్ణయించాయి. ఆ తీర్మానంలోనూ రాగి లేనిదానికి చోటు లేదు.

మీ రాయి సిరా నీలం, ఒక దిశలో నలుపు. ఈ లక్షణం ఇనుమున్న ఇండికోలైట్‌ది. రాగి ఉన్నదా లేదా అన్నది ఎక్స్-కిరణాలతో చేసే రసాయన పరీక్షలో నిమిషాలలో తేలుతుంది, రాయికి ఏ హానీ జరగదు. మీకు మనశ్శాంతి కావాలంటే అదే పరీక్షాశాలను ఆ ఒక్క పరీక్ష అడగండి. నాకైతే ఖర్చు దండగ అనిపిస్తున్నది. దుకాణదారు ఎందుకు ఆ పేరు వాడుతున్నారో నేను చెప్పలేను. పేరు పెంచి అమ్మేవారిని చూశాను కానీ, పేరు పెంచి కొంటాననేవారిని చూడడం ఇదే మొదలు. బహుశా రాయిని చేతికి అందుకోవడానికే ఆ పేరు పనికివస్తున్నదేమో.

ఉంగరమా, లాకెట్టా అన్న మీ ఇంటి తగవులో నన్ను కలపకపోయినా ఒక సాక్ష్యం చెబుతాను. ఉంగరం రాయి అన్నిటికీ తగులుతుంది, లాకెట్ రాయి మెడలో భద్రంగా ఉంటుంది. 7 కాఠిన్యం ఉన్న రాయికి మెడే మంచి చోటు. తమ్ముడు గారు ఉంగరమే కావాలంటే, రాయి నాలుగు మూలలనూ కప్పే గట్టి గూడు చేయించి, పనికి పోయేటప్పుడు తీసి పెట్టమనండి. మరొక చిన్న మాట: లాకెట్ అయితే వెనుకవైపు మూయకుండా వదలండి. నీలంకైనా, దీనికైనా వెనుకనుంచి వెలుతురు వస్తేనే రంగు విప్పారుతుంది. మూసిన గూడులో ఇండికోలైట్ నల్లబడుతుంది.

---

వెండితీగ:

సాన గారి చివరి మాటకు నాది ఇంకొకటి. వెనుక తెరిచి ఉంచితే అక్కడ చెమట, నూనె చేరి పొరలా పడుతుంది, రాయి వెలుతురు తగ్గినట్టు కనబడుతుంది. నెలకొకసారి వెనుకవైపు కూడా కుంచెతో తుడవండి. పాత వెండి గూటిని పారేయకండి, బాపు గారి చేతి గుర్తు కదా. దాన్ని కరిగించి లాకెట్‌కు వెనుక చిన్న తీగ అంచుగా వేయించుకోవచ్చు. బంగారం మీద వెండితీగ మా కరీంనగర్ పనిలో అందంగానే ఉంటుంది.

---

ఓరుగల్లు వాసి:

చెల్లెలు ఇది చదివి తమ్ముడికి చూపించింది. వాడు ఒక పూట అలిగి, సాయంత్రానికి ఒప్పుకున్నాడు. వాడు మా ఊరి పెట్రోల్ పంపులో పని చేస్తాడు, చేతులు రోజంతా ఇనుముతోనే కదా.

రాయిని ముందుగా మళ్ళీ సానపట్టించడానికి హైదరాబాద్ పంపిస్తున్నాము, ఇచ్చేటప్పుడు 4.20 అని బరువు రాయించి రసీదు తీసుకున్నాను. లాకెట్ మంట పని అంతా అయ్యాకే రాయి చేతికిస్తానని మా అవుసులాయనతో చెబితే, "నాకు తెల్వదా అన్నా" అని నవ్వారు, కానీ రాయిని తన దగ్గర పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు, అన్నీ అయినాకే తెమ్మన్నారు. వెండితీగ అన్నా, అంచు పనికి మీ దగ్గరికే పంపించమంటారా? అమ్మ మాత్రం లాకెట్ వచ్చేదాకా దీపం పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంచుతానంటున్నది.

---

వెండితీగ:

పంపించండి అన్నగారూ, దీపావళి గిరాకీ తగ్గిన తరువాత అయితే నేనే కూర్చొని చేస్తాను. గూడు వెండి ఎన్ని గ్రాములున్నదో తూచి రాసి పంపండి.